ఆవాలు పారిపోయే వంటగది

నమోదు 1

పొయ్యి ఉన్న ఇల్లు ఆ పొయ్యి సంగతి రోజూ రాసి గాలి ఆఫీసుకి పంపాలని ఇక్కడ రూలు. ఇన్నాళ్ళూ మా అత్త రాసేది. పాత నమోదులు తిరగేసి చూశాను. అన్నిటిలోనూ ఒకటే ఉంది: "వండాను. తిన్నారు." ఒక్కచోట మాత్రం "వండాను. వంకలు పెట్టి తిన్నారు" అని ఉంది. ఈ రోజు నుంచి నువ్వు రాయి అని పలక నా ఒళ్ళో పడేసింది. నేను అయిదు వరకే చదివానని గొణిగితే, పొయ్యికి అయిదు ఎక్కువే అంది.

నా పేరు అసిరి. గొల్లరాయి నుంచి ఈ నడిమిరాయికి కోడలిగా వచ్చాను. మా ఆయన మంచుబావిలో తవ్వకం పని చేస్తారు. ఆయన పేరు నేను రాయను, ఆఫీసు కాగితాల్లో ఎలాగూ ఉంటుంది. మా అత్త పేరు నూకాలు. ఆమెకి కనుబొమలు లేవు. అదెందుకో తర్వాత రాస్తాను.

ఈ రోజు నేను పుట్టింటి నుంచి తెచ్చిన బిందెని అత్త వంటగది నడుమ వేలాడదీసింది. దానికి ఒక పక్క సొట్ట ఉందని అత్త వచ్చినవాళ్ళందరికీ పిలిచి మరీ చూపించింది. గొల్లరాయి వాళ్ళు బిందె కూడా తిన్నగా చెయ్యలేరా అంది. నేను బియ్యం డబ్బా వెనక నిలబడ్డాను. బయటివాళ్ళు వస్తే నేను ఉండేది అక్కడే.

వండాను. తిన్నారు.

నమోదు 4

ఇది చదివేది గాలి ఆఫీసరు బెహరాబాబు గారు. ఆయనకి తెలిసిన సంగతులే అయినా, ఏదైనా తేడా వస్తే పైవాళ్ళు కూడా చదువుతారట, అన్నీ రాయమని మా ఆయన చెప్పారు.

మా వంటగది బంతిలా గుండ్రం. రాయి లోపల బుడగలా తొలిచారు. ఒక పక్క మనిషి వంగి దూరేంత గుమ్మం. పొయ్యి వెలుగుతుండగా గుమ్మానికి ఏ వస్తువూ అడ్డం కట్టరాదు, పెట్టరాదు అని దాని మీదే చెక్కి ఉంది. గాలి ఆడకపోతే పొయ్యి మనల్నే ఉడకబెడుతుంది. గుమ్మం అవతల ఊరందరి గాలి గొట్టం, దాని చివర పెద్ద ఫ్యాను.

ఆకాశంలో తేలే చిన్న రాయే అయినా, ఇక్కడ బరువు లేదనకూడదు. ఉంది, మొహమాటానికి వచ్చిన చుట్టంలా ఉంది. చీర అంచులో ఇనపపూసలు కుట్టుకోకపోతే చీర మన మాట వినదు. నూనె మూకుడుకి అతుక్కుని ఉంటుంది కాబట్టి సరిపోయింది. చిక్కల్లా ఆవాలతోనే. కాగిన నూనెలో చిటపటలాడి ఎగిరిన ఆవగింజ తిరిగి మూకుట్లో పడదు. అవతలి గోడకి కొట్టుకుంటుంది, అక్కణ్ణుంచి ఇవతలి గోడకి, మళ్ళీ అవతలికి.

మూత పెట్టొచ్చు కదా అని మీరు అనుకుంటారు. మా అత్త కూడా ఒకసారి అనుకుంది. నూనె మూతకి పాకింది, మూత అంచు దాటి పొయ్యి మీదికి పాకింది, పొయ్యి అత్త మొహం మీదికి పాకింది. కనుబొమలు అప్పుడే పోయాయి.

అందుకని అత్త ఒక పద్ధతి పెట్టుకుంది. గుండ్రటి గదిలో ఒక్కో గింజా ఒక్కో దారి పడుతుందట. గానుగెద్దులా ఆ దారినే చుట్టూ తిరుగుతుంది తప్ప పక్కకి జరగదు. గుమ్మం మీదుగా పోయే దారి మూకుడు దగ్గర్నుంచి ఒకటే. అత్త తడిగుడ్డ పట్టుకుని ఆ దారికి అడ్డంగా నిలబడుతుంది. మిగతా గింజలు గుమ్మం మొహం కూడా చూడకుండా తిరిగి తిరిగి అలిసిపోతాయి. అప్పుడు తీరిగ్గా గోడలు తుడిచి పోగు చేస్తుంది. చారు చల్లారిపోతుంది గాని, గింజ పోదు.

ఈ ఊళ్ళో ఇదొక్కటే పొయ్యి. మిగతావన్నీ పీకేశారు. ఒకరిది అప్పడాల పొగ వల్ల పోయింది, ఒకరిది సాంబ్రాణి వల్ల, ఒకరిది మొగుడూ పెళ్ళాలు మూకుళ్ళు విసురుకోవడం వల్ల. ఊరంతా గొట్టంలోంచి పిండుకునే ముద్ద తింటారు. తిని, మా ఇంటికి ఊరికే పలకరించిపోవడానికి వస్తారు. గిన్నె కూడా తెచ్చుకుంటారు.

వండాను. చుట్టుపక్కల వాళ్ళంతా తిన్నారు.

నమోదు 9

అత్త గుడ్డ పట్టుకుని తన చోట తను నిలబడే ఉంది. ఒక్క గింజని కూడా వదల్లేదని ఒట్టేసి చెప్పింది. అయినా గాలి గొట్టంలోంచి వచ్చిన ఆవగింజ స్నానం చేస్తున్న బెహరాబాబు గారికి తగిలింది. ఎక్కడ తగిలిందో నోటీసులో రాయలేదు.

నోటీసు ఇవ్వడానికి ఆయనే వచ్చారు. ముందు భోంచేశారు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, రోజూ మా ఇంట్లోనే తింటారు. చారు రెండుసార్లు పోయించుకుని, త్రేన్చి, చెయ్యి తుడుచుకుని, అప్పుడు నోటీసు తీశారు. ఈ ముక్క పైవాళ్ళు చదవకపోతే బాగుండును.

గింజలు ఎలా పోతున్నాయో ఎవరికీ అంతుబట్టలేదు. అత్త ఆవాల మీద అనుమానపడింది, ఈసారి వచ్చినవి పొగరుబోతువి అంది. మా ఆయన ఫ్యాను ఎక్కువ లాగుతోందేమో అన్నారు. నన్నెవరూ అడగలేదు. అడిగినా నాకు తెలియదు.

నమోదు 13

ఫ్యాను ఆగిపోయింది. రెక్క మొదట్లో ఆవాలు ఇరుక్కున్నాయి. అవతలి వరసలో నాలుగిళ్ళకి గాలి ఆడలేదు. పెద్దవాళ్ళకి తలనొప్పి వచ్చి తగ్గిపోయింది గాని, చంటిపిల్ల ఒకతి పాలు తాగలేక వాడిపోయింది. ఫ్యాను తిరిగాక కోలుకుందట. అత్త వెళ్ళి ఆ పిల్లని ఎత్తుకుని చాలాసేపు కూర్చుని వచ్చింది. వచ్చాక ఎవరితోనూ పోట్లాడలేదు. నాకు భయమేసింది.

ఇంకొక్కసారి ఇలా జరిగితే పొయ్యి పీకేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

నమోదు 15

ఈ రోజు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

భోజనాలయ్యాక మా ఆయనా బెహరాబాబు గారూ కేరంబోర్డు వేసుకున్నారు. ఇక్కడి బిళ్ళలకి అయస్కాంతం ఉంటుంది, లేకపోతే బోర్డు మీద నిలవవు. బెహరాబాబు గారి ఆట ఎప్పుడూ ఒకటే. కొట్టిన బిళ్ళ ఎదుటి చెక్కకి తగిలి తిన్నగా వెనక్కి వస్తుంది, మళ్ళీ పోయి మళ్ళీ వస్తుంది. కంత వైపు తిరగనే తిరగదు. ఆయన ఉద్యోగం కూడా అలాగే చేస్తారని అత్త ఆయన ఎదుటే అంటుంది.

పొయ్యి పోతుందన్న దిగులులో ఉన్న అత్త, ఆట ఆపమన్నా ఆపలేదని, స్టీలు గ్లాసు తెచ్చి బోర్డు నట్టనడుమ ఠపీమని పెట్టేసింది. వాళ్ళు గ్లాసు తీయకుండా అలాగే ఆడారు. చిత్రం ఏమిటంటే, బెహరాబాబు గారు కొట్టిన బిళ్ళ గ్లాసుకి తగిలి, చెక్కకి తగిలి, మళ్ళీ గ్లాసుకి తగిలి, వెళ్ళి కంతలో పడింది. ఇంకోటి కొట్టారు. అదీ కాసేపు అటూ ఇటూ తిరిగి పడింది. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. నాలుగోదో అయిదోదో పడ్డాక ఉన్నట్టుండి చేతులు ఆపేశారు. గ్లాసు తీసి ఒకసారి కొట్టి చూశారు, పెట్టి ఒకసారి కొట్టి చూశారు.

"చూడవోయ్," అన్నారు మా ఆయనతో. "గ్లాసు లేకపోతే బిళ్ళ తన దారి తను వదలదు. గ్లాసుంటే ఏ దారీ నిలవదు. వెంట్రుకవాసి ఇటు తగిలితే ఇటు, అటు తగిలితే అటు. దారి తప్పినది తిరిగి తిరిగి ఎప్పటికో కంత మీదికి రాక తప్పదు. ఇంకెక్కడికి పోతుంది?"

అని తల ఎత్తి పైకి చూశారు. మా ఆయన కూడా చూశారు. వంటగది నడుమ, మూడు తాళ్ళ మీద, సొట్ట ఉన్న నా బిందె.

గింజలు ఎప్పటి నుంచి పోతున్నాయో అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. నేను వచ్చినప్పటి నుంచి.

బిందె దించేస్తే సరిపోతుందని బెహరాబాబు గారు సంతోషంగా అన్నారు. ఆయన పుట్టింది పెద్దరాయి మీద, అక్కడ ఈ ఆచారం లేదు. అందుకని తెలియక అన్నారు, ఆయన మీద నాకు కోపం లేదు. పైవాళ్ళకి కూడా తెలియదేమో, రాస్తాను. ఈ రాళ్ళ మీద పెళ్ళంటే బిందె. కోడలు పుట్టింటి మంచు కరిగించి బిందెలో పోసి, మూతి లక్కతో మూసి తెస్తుంది. అత్త తన చేత్తో వంటగది నడుమ కడుతుంది. ఏడాది నిండాక లక్క తీసి ఆ నీళ్ళతో అన్నం వండుతారు. ఈలోగా బిందె దించితే కోడల్ని పంపేసినట్టు. నోటితో చెప్పక్కర్లేదు. కట్టిన చెయ్యే విప్పాలి, ఇంకెవరూ విప్పకూడదు. మా మేనత్త కూతురికి అలాగే దించారు. పుట్టింటికి తిరిగొచ్చి బండి దిగేటప్పుడు బిందెని ఒళ్ళో పెట్టుకుని ఉంది. నీళ్ళు ఒక్క చుక్క తగ్గలేదు.

మా ఆయన ఇదంతా చెప్పాక బెహరాబాబు గారి మొహం మాడిపోయింది. కాని ఉత్తర్వు ఉత్తర్వే. బిందె అలాగే ఉంచి తన ఎదుట ఒకసారి తాలింపు పెట్టమన్నారు. ఫ్యాను దాకా ఒక్క గింజ వెళ్ళినా, బిందె దించాలి, లేదా పొయ్యి వదులుకోవాలి.

అత్త బోర్డు మీది గ్లాసు తీసుకెళ్ళి, కడిగిందే మళ్ళీ కడిగింది.

నమోదు 16

ఊరికి తెలిసిపోయింది. పొద్దుట నుంచి ఒకరి తర్వాత ఒకరు పలకరించడానికి వస్తున్నారు. ముందు బిందె వైపు చూస్తారు, తర్వాత పొయ్యి వైపు, తర్వాత బియ్యం డబ్బా వెనక నా వైపు. ఒకావిడ, కాసేపు దించి మళ్ళీ కట్టేస్తే దేవుడికేం తెలుస్తుంది అంది. ఇంకొకావిడ గిన్నె గుండెకి హత్తుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. కన్నీళ్ళు కూడా ఇక్కడ రాలవు, బుగ్గ మీద బుడగలా కూర్చుంటాయి. పాపం, ఆమెకి చింతపండు చారంటే ప్రాణం.

మా ఆయన బావిలోకి పోయే సూటు తొడుక్కుంటుంటే పక్కన నిలబడ్డాను. అడగడం నాకు రాదు. ఆయనే అన్నారు, "పొయ్యి పోతే ముద్ద తింటానే. పళ్ళయినా అరగవు." నాకు నవ్వొచ్చింది. కాని బిందె ఆయన చేతిలో లేదు.

వంటగదిలోకి వచ్చేసరికి అత్త బిందె దగ్గర తేలుతూ ఉంది. రెండు చేతులూ తాడు ముడి మీద ఉన్నాయి. నన్ను చూసి చేతులు తీసేసి, పప్పు మాడిపోతోంది చూడమంది. పప్పు ఇంకా పొయ్యి మీద పెట్టనే లేదు.

నా చీరలు మడత పెట్టి ఉంచుకున్నాను.

నమోదు 17

మా ఆయన్ని ఫ్యాను దగ్గర కాపలా నిలబెట్టి, బెహరాబాబు గారు పొయ్యి మరలు విప్పే స్పానరు పట్టుకుని గుమ్మంలోంచి దూరి వచ్చారు. ఆయన లోపలికి రాగానే అత్త వెళ్ళి గుమ్మంలో కూర్చుంది. ఊరికే కూర్చోలేదు. మొహం లోపలికి, వీపు బయటికి పెట్టి, మోకాళ్ళు రెండు పక్కలకీ ఆనించి, చీర కుచ్చిళ్ళు గుమ్మం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకుని, చలికాలం కుంపటి ముందు కూర్చున్నట్టు కూర్చుంది.

"లోపలికొచ్చినావు, సంతోసం బాబూ. పొయ్యట్టుకోని బయిటికెలాగెల్తావో సూస్తాను."

బెహరాబాబు గారు ఆమెని పిన్నీ అని పిలుస్తారు. గుమ్మానికి అడ్డం పెట్టకూడదు పిన్నీ అని మెల్లగా చెప్పారు. తాను ఏమీ పెట్టలేదని, కూర్చుందని, ముసలిదానికి కూర్చోడానికి కూడా నోటీసు కావాలేమోనని అత్త అంది. పొయ్యి తీసుకెళ్ళాలంటే తన మీంచి తీసుకెళ్ళాలంది. మరి బిందె సంగతేమిటని ఆయన అడిగారు.

"బిందె దించమంటావేటి? అది నా కోడలు. సొట్టదో బొట్టదో, నా సేత్తో కట్టినాను. పొయ్యీ ఇయ్యను, బిందే దించను. రాసుకో."

నాకు కళ్ళు మసకలు కమ్మాయి. ఆ మసకలోనే మూకుడు బిగించి, నూనె వేసి, ఆవాలు వేశాను. కొలత కనపడక గరిటెడూ పడిపోయాయి. మామూలుగా వేసేది చిటికెడు.

అవి పేలడం మొదలుపెట్టాక ఇక ఎవరి మాటా వినపడలేదు. గింజలు నాలుగు వైపులా లేచాయి. గోడకి తగిలినవి బిందె మీదికి, బిందెకి తగిలినవి గోడ మీదికి. సొట్ట మీద పడ్డవి ఒకలా, మెడ మీద పడ్డవి ఒకలా, ఏది ఎటు పోతుందో దానికే తెలియదు. బిందె గుళ్ళో గంటలా మోగుతూనే ఉంది. బెహరాబాబు గారు స్పానరు తల మీద అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయారు. స్పానరు వల్ల ఒక్క గింజ కూడా ఆగలేదు.

అత్త మాత్రం తిట్టడం ఆపలేదు. గాలి ఆఫీసుని, పైవాళ్ళని, పైవాళ్ళ పైవాళ్ళని తిడుతూనే ఉంది. తిట్టు మధ్యలో ఒక గింజ నోట్లో పడితే పటుక్కున కొరికి మింగి, తిట్టు ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి అందుకుంది. అప్పుడు చూశాను నేను. దారి తప్పిన గింజలన్నీ తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తున్నాయి. కుచ్చిళ్ళలో, పమిటలో, జుట్టు ముడిలో, మెడ మడతల్లో పడి అతుక్కుపోతున్నాయి. గుమ్మంలోకి వచ్చిన గింజ అత్తలోకి వస్తోంది. మామూలుగా అయితే గోడల వెంట సగం పూట తిరిగే గింజలు, చారు పొంగేలోపే సగానికి పైగా వచ్చేశాయి.

అంతలో బెహరాబాబు గారికి డ్యూటీ గుర్తొచ్చింది. గాలి ఆగుతోంది, లే పిన్నీ అని గట్టిగా కసిరారు. ఆయన ఎప్పుడూ అత్తని కసిరింది లేదు. అత్త ఉలిక్కిపడి ఒక మోకాలు ఎత్తింది. కుచ్చిళ్ళ పక్కన జానెడు సందు కనపడింది. గదిలో ఇంకా గింజలు తిరుగుతున్నాయి.

బియ్యం డబ్బా వెనక నుంచి ఎప్పుడు బయటికి వచ్చానో తెలియదు.

"అత్తా, కదలకు."

గుండ్రటి గది కదా. నా గొంతు గోడల వెంట చుట్టూ తిరిగి అన్ని వైపుల నుంచీ నాకే వినపడింది. అదంత పెద్దదని నాకు ఈ రోజు దాకా తెలియదు. అత్త మోకాలు కిందికి దించింది. బెహరాబాబు గారు గుమ్మం వైపు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచారు. నేను గింజల్నే చూస్తూ నిలబడ్డాను. ఒకటి బిందె మెడకి తగిలి, పైకప్పుకి తగిలి, బెహరాబాబు గారి స్పానరుకి తగిలి, తీరిగ్గా వెళ్ళి అత్త చెవి పక్కన కొప్పులో దూరింది. ఆ తర్వాత బిందె మోగలేదు.

అవతల నుంచి మా ఆయన కేక వినపడింది. ఒక్క గింజ కూడా రాలేదు, ఫ్యాను తిరుగుతోంది, అత్త కుచ్చిళ్ళలోంచి గాలి బాగానే వస్తోందని చెప్పారు. వాసన కూడా వస్తోందట, కొంచెం ఉంచమన్నారు.

బెహరాబాబు గారు గుమ్మం మీద చెక్కిన రూలు రెండుసార్లు చదివారు. ఏ వస్తువూ అడ్డం పెట్టరాదు అని ఉంది. చాలాసేపు గడ్డం గోక్కున్నాక, "పిన్ని వస్తువు కాదు," అన్నారు.

"ఆ మాట కాగితం మీద రాసియ్యి బాబూ," అంది అత్త. "మా ముసిలోడు బతికున్నన్నాల్లూ ఒప్పుకోలేదు."

రాసిచ్చారు. తాలింపు వేళ గుమ్మంలో కూర్చోవడానికి మా అత్తకి డ్యూటీ కూడా వేశారు. స్పానరు సంచిలో పెట్టుకుని, చారు అయిందా అని అడిగారు.

ఆయన తిని వెళ్ళాక అత్త నా వైపు తిరిగింది. జుట్టు నిండా ఆవాలు, కనుబొమలు లేని మొహం, చూడ్డానికే భయం వేసేలా ఉంది. నేను బియ్యం డబ్బా వైపు ఒక అడుగు వేశాను.

"అత్తని కదలకంటావేటే? నోరు నేదనుకున్నాను."

నేను తల వంచుకున్నాను.

"ఎప్పుడు కూకోవాలో, ఎప్పుడు లెగాలో రేపట్నించి నువ్వే సెప్పు. నాకేటి ఎరక, ఆ బిందె అడ్డంగుంటాది." అని కొప్పు విప్పి మూకుడు మీద దులిపింది. పారేయడం ఎందుకంది.

గిన్నెలు కడిగాక బిందె వైపు చూశాను. మూడు తాళ్ళు ఉండాల్సిన చోట నాలుగు ఉన్నాయి. నాలుగోది కొత్తది. నిన్న అత్త చేతులు ముడి మీద ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. ముడి రెండు పేటలు వేసి, గొల్లరాయి దాకా లాగినా ఊడనంత గట్టిగా బిగించి ఉంది.

నమోదు 18

చీరలు మళ్ళీ బయట పెట్టుకున్నాను.

ఏడాది నిండాక బిందె దించాలి కదా అత్తా అని ఈ రోజు నేనే అడిగాను. ఆ నీళ్ళతో అన్నం వండుకుని, బిందెలో వేరే నీళ్ళు పోసి మళ్ళీ అక్కడే కడదామంది. మళ్ళీ గుడ్డ పట్టుకుని గోడల చుట్టూ తిరిగే ఓపిక తనకి లేదట. కూర్చున్న చోటికే అన్నీ వస్తుంటే ఏ తెలివితక్కువది లేస్తుంది అంది. సొట్ట మాత్రం అలాగే ఉంచమంది, దాని వల్లే బాగా చెదురుతున్నాయట. పలకరించడానికి వచ్చినవాళ్ళకి ఇప్పుడు ఆ సొట్టనే గొప్పగా చూపిస్తోంది. మా గొల్లరాయి పనితనమట.

నిన్నటి గింజ ఒకటి మిగిలిపోయింది. అది బిందెకీ తగలదు, గుమ్మం దారికీ రాదు. గోడనే ఒరుసుకుంటూ తన చుట్టు తను తిరుగుతోంది. బియ్యం డబ్బా వెనక నిలబడితే సన్నగా గీరినట్టు వినపడుతుంది. పట్టుకోవే అని అత్త గుమ్మంలోంచి అరిచింది.

"ఉండనీ అత్తా," అన్నాను. పక్కింటావిడ గిన్నెతో నిలబడి ఉండగానే అన్నాను.

వండాను. తిన్నారు. ఒక గింజ ఇంకా తిరుగుతోంది.